విశ్వవిద్యాలయపు అచ్చుపుస్తకం - మన సేద్యం



సేద్యం మాట వదిలి పుస్తకాల చరిత్ర ఏమిటి అనుకోకండి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు రైతుకు పనికివచ్చే పుస్తకం మన భాషలో చేతికందడానికి చాలా కాలం పట్టింది. ఆ సంగతి తెలిస్తేనే దాని విలువ తెలుస్తుంది.

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో వెలసింది. దాని పాఠ్యగ్రంథాల కోసం 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాదశాఖను నెలకొల్పారు. ఇంగ్లీషులోని శాస్త్రాలను ఉర్దూలోకి మార్చి వందలాది గ్రంథాలు తెచ్చారు. పై చదువులు దేశభాషలో చెప్పవచ్చునని రుజువు చేసిన గొప్ప పని అది. కాని నడిగడ్డలో నాగలి పట్టినవాని ఇంటిభాష తెలుగు. ఆ గ్రంథాలు అతని గడప తొక్కలేదు. 1948 తరువాత బోధన ఇంగ్లీషుకు మారింది. అప్పుడూ అతనికి దూరమే.

1964లో రాజేంద్రనగరులో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడింది. కళాశాల పాఠం చేనికి చేరాలంటే తెలుగులో చెప్పాలి గదా! 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ విద్యార్థులకు తెలుగు పాఠ్యగ్రంథాలు వేస్తే, వ్యవసాయ విశ్వవిద్యాలయం రైతుకు వ్యవసాయ పంచాంగం ఇచ్చింది. ఇందులో తిథివారాలకు మారు విత్తే అదను, విత్తన రకం, ఎరువు మోతాదు, తెగుళ్ల నివారణ ఉంటాయి. 2014 నుండి తెలంగాణలో ఈ పని ప్రొఫెసర్ జయశంకర్ పేరిట ఉన్న విశ్వవిద్యాలయానిది.

ఒక్క సలహా చూడండి. పల్లి పూతకు వచ్చి ఊడలు దిగబోయే వేళ ఎకరాకు 200 కిలోల జిప్సం మొదళ్ల దగ్గర వేసి మట్టి ఎగదోయాలి. నేలలో దిగిన కాయ తనకు కావలసిన కాల్షియాన్ని చుట్టూ ఉన్న మట్టినుండే పీల్చుకుంటుంది. అది చాలకపోతే తాలుకాయలే మిగులుతాయి. ఈ రెండు ముక్కలు అదనుకు తెలిస్తే పంట దక్కుతుంది.

అయితే పుస్తకం పదిమందికీ కలిపి చెబుతుంది. మీది ఎర్రచెల్కనా, నల్లరేగడా, నీరు జూరాల కాలువదా, బోరుదా - అది మీరే చెప్పాలి. బిజినేపల్లి దగ్గర పాలెంలో పరిశోధనా స్థానం ఉంది, అక్కడ అడగండి.

విస్తరణాధికారులకు ఒక మనవి. పుస్తకం చేతిలోపెట్టి వెళ్లిపోకండి. రైతువేదికలో పదిమందిని కూర్చోబెట్టి చదివి వినిపించండి. చదువురానివారు చెవితో చదువుకుంటారు. సరిపడని మాట ఉంటే రైతు చెప్పినట్లే రాసి పాలెం పంపండి. ఆ మాట చేరితేనే వచ్చే ఏటి పుస్తకం మన చేనికి మరింత దగ్గరవుతుంది.