కరెంటు బండి – నేత ఇల్లు



వరంగల్ కొత్తవాడ అనగానే శతరంజీలు గుర్తుకు వస్తాయి. కొందరు వాటిని జంపఖానాలు అంటారు. షాపుల్లో దరీలు అంటారు. పేరు ఏదైనా నేత ఒకటే. 2018లో వరంగల్ దరీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. అంటే వేరే చోట నేసిన దాన్ని వరంగల్ దరీ అని పేరు పెట్టి అమ్మకూడదు.

ఆ నేతలో ఆడవాళ్ళ కష్టం చాలా ఉంది. కండెలు చుట్టాలి. నూలు సర్దాలి. అవసరమైతే మగ్గం మీద కూర్చోవాలి. నూలు తేవాలన్నా, నేసిన సరుకు ఇచ్చి రావాలన్నా ఆటో కిరాయి. హన్మకొండకు పోయి రావాలంటే పది పదిహేను కిలోమీటర్లు. ఇటువంటి ఇంటికి కరెంటు స్కూటర్ బాగా సరిపోతుంది. పెట్రోలు అక్కర లేదు. కిక్కు కొట్టే పని లేదు. గేర్లు లేవు. చీర కట్టుకున్న మనిషి కూడా సులువుగా నడపవచ్చు.

"దీనికి ఏ పనీ ఉండదమ్మా, చార్జింగు పెడితే చాలు" అని అమ్మేవాళ్ళు చెబుతారు. ఇది సగమే నిజం. ఇంజను ఆయిలు మార్చే పని లేదు. ప్లగ్గు తుడిచే పని లేదు. కానీ వేరే పని ఉంది. పెట్రోలు బండికి ప్రాణం ఇంజనులో ఉంటుంది. కరెంటు బండికి ప్రాణం బ్యాటరీలో ఉంటుంది. బండి ధరలో పెద్ద వంతు బ్యాటరీదే. అది పాడైతే బండి ఉన్నా లేనట్టే.

అన్నిటికన్నా ముందు తేల్చుకోవాల్సిన మాట ఒకటి ఉంది. చార్జింగు ఎక్కడ పెట్టాలి?

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో ఒక ఇంట్లో చార్జింగులో ఉన్న స్కూటర్ బ్యాటరీ పేలింది. ఇంట్లో వాళ్ళు నిద్రలో ఉన్నారు. ఒక ముసలాయన చనిపోయాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో చార్జింగు పెట్టిన బ్యాటరీ పేలింది. ఇంటాయన చనిపోయాడు. భార్యకు కాలిన గాయాలు అయ్యాయి. అదే ఏడు సెప్టెంబరు 12న సికింద్రాబాదులో ఒక హోటలు కింద ఉన్న కరెంటు స్కూటర్ల షోరూంలో మంటలు లేచాయి. పొగ పైకి పాకింది. పై అంతస్తుల్లో దిగిన వాళ్ళలో 8 మంది చనిపోయారు.

ఈ ప్రమాదాల తర్వాత రిజిస్ట్రేషను అయ్యే బండ్ల బ్యాటరీలకు ప్రభుత్వం గట్టి పరీక్షలు పెట్టింది. మొదటి విడత 2022 డిసెంబరులో మొదలైంది. రెండో విడత 2023 మార్చి 31న మొదలైంది. అందుకే పాత బండి కొనే వాళ్ళు ఒక పని చెయ్యాలి. బండి తయారైన నెల, సంవత్సరం చదవాలి. ఆర్.సి. మీద ఉంటుంది. రంగు చూసి, ధర చూసి కాదు. ముందు ఆ అంకె చూసి బేరం మొదలు పెట్టాలి.

ఇట్లా చెబుతుంటే భయం వెయ్యవచ్చు. ఇన్ని వేల బండ్లు తిరుగుతున్నాయి. అన్నీ పేలడం లేదు. గ్యాసు పొయ్యి కూడా మొదట్లో భయపెట్టింది. ఇప్పుడు పైపు చూసుకుంటున్నాం, రాత్రి రెగ్యులేటర్ కట్టేస్తున్నాం, వంట చేసుకుంటున్నాం. దీనితో కూడా అంతే.

అయితే నేత ఇంటి సంగతి వేరు. ఒక ఇల్లు అనుకుందాం. ముందు గదిలో మగ్గం. గోడ వారగా నూలు కట్టలు. మూలన నేసి మడత పెట్టిన శతరంజీలు. లోపలి గదిలో పిల్లలు. బయటికి పోవడానికి ఒకటే తలుపు. దొంగల భయంతో రాత్రి బండిని లోపలికి తోస్తారు. అది ఆ తలుపు దగ్గరే నిలబడుతుంది. చార్జర్‌ను కింద పెట్టడం ఎందుకని శతరంజీల దొంతర మీద పెడతారు. దీపం ఆర్పి పడుకుంటారు.

ఇందులో తప్పు ఎక్కడుంది? నూలు పత్తితో చేసింది. నిప్పు రవ్వ పడితే చాలు. చార్జర్ పని చేసేటప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడి పోవడానికి గాలి కావాలి. మెత్తని బట్ట మీద పెడితే వేడి అక్కడే ఉండిపోతుంది. అంతకన్నా పెద్ద తప్పు ఇంకొకటి. బండి తలుపు దగ్గర ఉంది, మనుషులు లోపల ఉన్నారు. మంట లేస్తే బయటికి దారి ఏది?

కాబట్టి చార్జింగు పెట్టే చోటు అరుగు మీద గానీ, రేకుల కింద గానీ ఉండాలి. ఎండ, వాన తగలకూడదు. గాలి ఆడాలి. చుట్టూ నూలు, బట్ట, గ్యాసు బండ, కిరోసిన్ ఉండకూడదు. దొంగల భయం ఉంటే చక్రానికి గొలుసు వేసి కిటికీ ఊచకు తాళం వెయ్యవచ్చు. కొన్ని బండ్లకు బ్యాటరీ ఊడి వస్తుంది. దాన్ని బండ పరుపు మీద పెట్టాలి. మంచం కింద వద్దు. మెట్ల కింద వద్దు.

"మాకు అరుగే లేదు, ఉన్నదే రెండు గదులు" అనే అక్కలు చాలా మంది ఉంటారు. వాళ్ళకు ఒకటే దారి. మెలకువగా ఉన్నప్పుడు పెట్టాలి. కండెలు చుట్టే వేళ, వంట వేళ, మనిషి ఇంట్లో ఉన్నప్పుడు. మగ్గం లేని గదిలో, తలుపుకు అడ్డం లేకుండా. పడుకునే ముందు ప్లగ్గు తియ్యాలి. నిండగానే చార్జింగు ఆగిపోయే ఏర్పాటు మంచి బండ్లలో ఉంటుంది. ఉన్నా సరే, రాత్రంతా వదిలెయ్యడం కన్నా కళ్ళ ముందు పెట్టుకోవడం మేలు.

ఇక సాకెట్ సంగతి. చార్జర్ ప్లగ్గుకు మూడు కాళ్ళు ఉంటే మూడూ సాకెట్‌లోకి పోవాలి. లావుగా, పొడవుగా ఉన్న కాలు ఎర్తు కోసం. పాత బోర్డులో పట్టడం లేదని ఆ కాలు విరిచేసే వాళ్ళు ఉన్నారు. అట్లా చేస్తే షాకు కొట్టినప్పుడు కాపాడేది ఉండదు. నాలుగు ప్లగ్గులు పెట్టే తీగ బోర్డు కూడా వద్దు. ఫ్యాను, టీవీ, చార్జర్ అన్నీ ఒకే తీగ మోయలేదు. చార్జింగు మొదలైన అరగంటకు స్విచ్చి ఆపి, ప్లగ్గు తీసి, పైన పట్టుకుని చూడండి. చెయ్యి పెట్టలేనంత వేడి ఉంటే సాకెట్ వదులైందని అర్థం. ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి.

చార్జర్ మీద చిన్న అక్షరాలు ఉంటాయి. చదువు వచ్చిన వాళ్ళకు అక్కడ పని పడుతుంది. ఔట్‌పుట్ అనే మాట దగ్గర వోల్టుల అంకె చూడండి. బ్యాటరీలు 48, 60, 72 వోల్టులు ఇట్లా రకరకాలుగా వస్తాయి. 48 వోల్టుల లిథియం బ్యాటరీకి ఇచ్చే చార్జర్ మీద చాలా సార్లు 54.6 అని ఉంటుంది. అది తప్పు కాదు. నిండిన బ్యాటరీ వోల్టులు అవి. ఆ అంకెను ఒక కాగితం మీద రాసుకోండి. చార్జర్ పాడైతే అదే అంకె, అదే కంపెనీది తెచ్చుకోవాలి. పక్కింటి బండి చార్జర్ పిన్ను పట్టినంత మాత్రాన సరిపోదు. 48 బ్యాటరీకి 60 బ్యాటరీ చార్జర్ పెడితే మోతాదు మించి పోతుంది. కొలత తెలియకుండా ఒకరి మందు ఇంకొకరికి మింగించినట్టే.

బ్యాటరీలు ముఖ్యంగా రెండు రకాలు. తక్కువ ధర బండ్లలో కొన్నిటికి సీసపు బ్యాటరీ ఉంటుంది. బరువు ఎక్కువ. ఏడాదిన్నర, రెండేళ్ళకు నీరసిస్తుంది. నడిపిన రోజు నడిపినట్టే పూర్తిగా నింపాలి. సగం ఖాళీగా వదిలేస్తే చెడిపోతుంది. రెండోది లిథియం బ్యాటరీ. దీని గుణం వేరు. పూర్తిగా ఖాళీ కావడం దీనికి పడదు. ఎప్పుడూ నిండుగా ఉండడం కూడా అంత మంచిది కాదు. 20 నుంచి 80 మధ్యలో ఉంచితే ఎక్కువ కాలం వస్తుంది. దూరం పోయే రోజు మాత్రం 100 దాకా నింపుకోవచ్చు. పండుగకు ఊరికి పోయి నెల రోజులు బండి తీయకపోతే సగం చార్జింగుతో నీడలో ఉంచి పోవాలి. ఏ రకం బ్యాటరీయో బండి పుస్తకంలో ఉంటుంది.

వరంగల్ ఎండలు అందరికీ తెలిసినవే. మే నెలలో 40 డిగ్రీలు దాటుతుంది. మధ్యాహ్నం తిరిగి వచ్చిన వెంటనే చార్జింగు పెట్టకండి. బ్యాటరీ అప్పటికే వేడిగా ఉంటుంది. ఎండన పడి వచ్చిన మనిషిని వెంటనే పొయ్యి ముందు కూర్చోబెడతామా? అరగంట, ముప్పావు గంట నీడలో ఆరనివ్వండి.

కరెంటు బిల్లు లెక్క కూడా చూసుకోవాలి. బ్యాటరీ పట్టు 2 యూనిట్లు అనుకుందాం. రోజూ సగం వాడితే, నష్టం కలుపుకొని యూనిట్‌కు కొంచెం పైన కాలుతుంది. నెలకు 35 యూనిట్ల లోపే. పెట్రోలుతో పోలిస్తే చాలా చవక. కానీ 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద సున్నా బిల్లు పొందుతున్న ఇళ్ళు ఉన్నాయి. ఆ పథకానికి 200 యూనిట్ల గీత ఉంది. ఇప్పటికే 180 కాలే ఇంట్లో బండి వస్తే గీత దాటుతుంది. దాటిన నెల మొత్తం బిల్లు కట్టాలి. ఎండాకాలం కూలరు తిరిగే నెలల్లో పాత బిల్లులు ముందు పెట్టుకుని కూడి చూడండి.

మిగిలిన బండికి చేసే పనులు పెట్రోలు బండికి చేసేవే. వారానికి ఒకసారి టైర్లలో గాలి చూపించాలి. గాలి తక్కువ ఉంటే బండి బరువుగా లాగుతుంది, చార్జింగు తొందరగా అయిపోతుంది. ఎంత గాలి ఉండాలో పుస్తకంలో ఉంటుంది. బ్రేకు లివరు హ్యాండిల్ దాకా వచ్చేస్తుంటే, గీరిన చప్పుడు వస్తుంటే మెకానిక్‌కు చూపించాలి. కరెంటు బండి చప్పుడు చెయ్యదు. సందులో ఆడుకునే పిల్లలకు, ముసలివాళ్ళకు అది వస్తున్నట్టు తెలియదు. అందుకే హారను, లైటు పని చేస్తున్నాయో లేదో రోజూ చూడాలి.

శతరంజీల మూటలు వేసేటప్పుడు పుస్తకంలో రాసిన బరువు దాటనివ్వకండి. మనిషి బరువు, మూట బరువు కలిపి లెక్క. "ఇంకో నాలుగు వెయ్యి, ఏమైతది" అంటారు. ఏమవుతుందంటే మోటారు వేడెక్కుతుంది, బ్యాటరీ మీద భారం పడుతుంది, బ్రేకు పట్టదు. మూట కాళ్ళ దగ్గర పెట్టి హ్యాండిల్ తిరగకుండా చేసుకోవద్దు.

బండిని తడి బట్టతో తుడిస్తే చాలు. పైపు పెట్టి జోరుగా నీళ్ళు కొట్టకూడదు. వానలో నడపవచ్చు. నీళ్ళలో ముంచకూడదు. 2023 జులైలోనూ, 2025 అక్టోబరు తుఫానుకూ వరంగల్‌లో కాలనీలకు కాలనీలే మునిగాయి. వాన ఎక్కువ ఉందని తెలిస్తే బండిని ఎత్తైన చోటుకు తోసుకుపోండి. ఒకవేళ బ్యాటరీ దాకా నీళ్ళు వస్తే, ఎండిందిలే అని తాళం తిప్పకండి, చార్జింగు పెట్టకండి. లోపలి తడి బయటికి కనిపించదు. ఇంటికి దూరంగా ఉంచి సర్వీసు వాళ్ళకు చెప్పండి.

బ్యాటరీ ఉబ్బినా, వింత వాసన వచ్చినా, బుస్సుమని చప్పుడు వచ్చినా, పొగ కనిపించినా ఆలోచించే టైము ఉండదు. అందుబాటులో ఉంటే మెయిన్ స్విచ్చి కట్టెయ్యాలి. లేకపోతే అదీ వద్దు. పిల్లలను, ముసలివాళ్ళను బయటికి తీసుకుపోవాలి. నూలు కోసం, నగల కోసం వెనక్కి పోకూడదు. ఆ పొగ విషం. బయటికి వచ్చాక 101కు గానీ 112కు గానీ ఫోను చెయ్యాలి.

బ్యాటరీని విప్పి లోపలి ముక్కలు మార్చి ఇస్తామనే వాళ్ళు ఉంటారు. పైసలు తక్కువ అడుగుతారు. విప్పిన బ్యాటరీకి కంపెనీ వారంటీ పోతుంది. ప్రమాదం అదనం. పాడైన బ్యాటరీని చెత్తలో వెయ్యకూడదు, పాత సామాన్ల వాళ్ళకు అమ్మకూడదు. వాడిన బ్యాటరీలను తయారీదారులే వెనక్కి తీసుకునే ఏర్పాటు చెయ్యాలని 2022లో నిబంధనలు వచ్చాయి. కొన్న షోరూంలో అడగండి.

"బండి సంగతి మా ఆయన చూసుకుంటడు" అనే మాట వినిపిస్తూ ఉంటుంది. చార్జింగు పెట్టేది ఎవరు? పొద్దంతా ఇంట్లో ఉండేది ఎవరు? వాళ్ళకే ఈ సంగతులు ముందు తెలియాలి. కాగితాలు కూడా వాళ్ళ చేతిలో ఉండాలి. బిల్లు, వారంటీ కార్డు, ఇన్సూరెన్సు, ఆర్.సి. ఒక సంచిలో వెయ్యండి. గంటకు 25 కిలోమీటర్లు మించని, 250 వాట్ల లోపు మోటారు ఉన్న చిన్న బండికి లైసెన్సు, రిజిస్ట్రేషను అక్కర లేదు. మిగిలిన అన్ని బండ్లకూ కావాలి. హెల్మెట్టు ఏ బండికైనా పెట్టుకోండి.

ఆ సంచిలోనే ఒక చిన్న నోటుబుక్కు పెట్టండి. నెలకు ఒకసారి తేదీ వెయ్యండి. నిండు చార్జింగుతో బండి ఎన్ని కిలోమీటర్లు పోయిందో రాయండి. కొన్న కొత్తలో 70 పోయిన బండి, అదే దారిలో, అదే బరువుతో ఏడాదికే 45 దగ్గర ఆగిపోతే బ్యాటరీలో లోపం ఉండవచ్చు. వారంటీ కార్డు మీద ఆఖరి తేదీ చూడండి. ఆ తేదీ రాకముందే నోటుబుక్కు తీసుకుని సర్వీసు సెంటరుకు పోండి. ఫిర్యాదును కాగితం మీద రాసి ఇవ్వండి. ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకుని ఒక కాపీ ఇంటికి తెచ్చుకోండి.