పది నిమిషాల లోపు పనులు
(మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంటిచాకిరీ గురించి మాట్లాడతానంటే “మళ్లీ వంటిల్లేనా?” అని మీలో కొందరికి అనిపించి ఉంటుంది. న్యాయమే. విమల ‘వంటిల్లు’ కవిత రాసి మూడు దశాబ్దాలు దాటింది. గ్యాసు వచ్చింది, మిక్సీ వచ్చింది, కుక్కరు వచ్చింది. రోలూ రోకలీ మూలకు చేరాయి. చాకిరీ మాత్రం చెయ్యి మారలేదు.

ఇది నా అభిప్రాయం కాదు, ప్రభుత్వ లెక్క. 2019లో దేశవ్యాప్తంగా జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు రోజుకు 299 నిమిషాలు దానికి వెచ్చిస్తే, పాల్గొన్న పురుషులు 97 నిమిషాలు వెచ్చించారు. 2024లో మళ్లీ సర్వే చేశారు. స్త్రీలవి 289, పురుషులవి 88. ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయని సంతోషించేలోపే మగవాళ్లకు తొమ్మిది తగ్గాయి. అంటే తేడా 202 నిమిషాల నుంచి 201కి వచ్చింది. ఐదేళ్లలో మనం సాధించుకున్నది ఒక్క నిమిషం. పైగా ఇవి ఇంటి పని కాస్తయినా చేసిన మగవాళ్ల లెక్కలు. 2019లో అలాంటివాళ్లు నూటికి 26 మందే.

ఈ సర్వే ఎలా చేస్తారో కొంచెం చెప్పాలి. తెల్లవారుజాము 4 గంటల నుంచి మర్నాడు 4 గంటల వరకు రోజును అరగంటల ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో ఏం చేశారని అడుగుతారు. ఒకే అరగంటలో నాలుగైదు పనులుంటే ముఖ్యమైన మూడింటినే రాస్తారు. అవీ కనీసం పది నిమిషాలు చేసినవై ఉండాలి. సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని కనుక ఇలాంటి నియమం లేకుండా సర్వే సాగదని నాకు తెలుసు. కానీ పది నిమిషాలు పట్టని పనుల మాటేమిటి?

ఆ మధ్య యూనివర్సిటీ హాస్టల్ మిత్రులం ఒకరి ఇంట్లో కలుసుకున్నాం. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత. ఏడుగురం అనుకున్నాం, ఆరుగురం చేరాం. ఏడో మనిషి “ఇంట్లో కుదర్లేదే” అంది, అంతే. ఎవరూ కారణం అడగలేదు. వచ్చినవాళ్లలో ఒకామె ఆ ఐదారు గంటల కోసం నాలుగింటికే లేచి పప్పు, రెండు కూరలు, చారు చేసి గిన్నెల మీద మూతలు పెట్టి వచ్చింది. హాల్లో సోఫాలు ఖాళీగా ఉంచి మేమంతా వంటింట్లో చేరాం. ఒకరు గోంగూర ఒలుస్తుంటే, ఒకరు ఉల్లిపాయలు తరుగుతుంటే, ఇరవై ఏళ్ల కబుర్లన్నీ అక్కడే బయటపడ్డాయి. ఎదురెదురుగా కూర్చుంటే చెప్పలేనివి చేతిలో పని ఉంటే చెప్పగలుగుతాం. వంటింటిని తిట్టే మనం ఈ సంగతిని దాటెయ్యకూడదు.

మాటల్లో నేను ఈ పది నిమిషాల నియమం చెప్పాను. వాళ్లు నవ్వి జాబితా మొదలుపెట్టారు. రాత్రి పాలు తోడుపెట్టడం. మర్నాటి ఇడ్లీకి మినప్పప్పు నానబొయ్యడం. గ్యాసు బుక్ చెయ్యడం. మామగారి మాత్రలు అయిపోతున్నాయని గమనించడం. పిల్లవాడి యూనిఫాం గుండీ. పప్పు నానబొయ్యడానికి నిమిషం చాలు. కానీ నానబొయ్యాలన్న సంగతి ఉదయం నుంచీ తలలో ఉండాలి. ఆ గుర్తుంచుకోవడాన్ని ఏ ముక్కలో రాస్తారు?

అప్పటిదాకా మాట్లాడని ఒక మిత్రురాలు అప్పుడు నోరు విప్పింది. ఎమ్మెస్సీలో మా అందరికంటే మంచి మార్కులు తెచ్చుకున్న మనిషి. పెళ్లయ్యాక ఉద్యోగం వదిలేసింది. ఇప్పుడు భర్త మీద మనోవర్తి కేసు నడుపుతోంది. “నేను ఏ పనీ చెయ్యకుండా పద్దెనిమిదేళ్లు ఆయన సంపాదన మీద బతికానని వాళ్ల వకీలు కోర్టులో అన్నాడే” అంది. చేతిలో గోంగూర కట్ట అలాగే ఉంది.

ఆమెకు నేను చెప్పిందే మీకూ చెబుతున్నాను. 2001 జనాభా లెక్కల్లో గృహిణులను బిచ్చగాళ్లతో, ఖైదీలతో కలిపి పని చెయ్యనివాళ్ల జాబితాలో వేయడాన్ని 2010లో సుప్రీంకోర్టు తప్పుపట్టింది. 2021 జనవరిలో ఒక రోడ్డు ప్రమాద కేసులో జస్టిస్ ఎన్.వి. రమణ 2019 సర్వే అంకెలనే ఉటంకిస్తూ, గృహిణి శ్రమకు ఆదాయం లెక్కగట్టాల్సిందేనని రాశారు. మంచి తీర్పులే. అయితే గమనించండి, ఇవి చనిపోయిన స్త్రీల నష్టపరిహారం కేసులు. లారీ గుద్దితే ఆమె శ్రమకు వెల ఉంది. బతికుండి తన వాటా అడిగితే “ఏ పనీ చెయ్యలేదు” అంటారు. ఆ తీర్పుల్లోని వాదనను మనోవర్తి కేసుల్లో, ఆస్తిలో హక్కు కోసం మనం ఎలా వాడుకోగలమో మన న్యాయవాద మిత్రులు ఆలోచించాలి.

మన సంఘాల సంగతి కూడా ఒక మాట. ఉదయం పదింటికి మీటింగు పెట్టి, ఆలస్యమైందని కోప్పడతాం. పదింటికి రావడానికి ఆమె ఎన్నింటికి లేచిందో అడగం.

భోజనాల తర్వాత తెల్ల కాగితాలు పంచుతాం. నిన్న మీరు చేసినవాటిలో పది నిమిషాల లోపు పనులు మాత్రమే రాయండి. రాయడం రానివాళ్లకు పక్కనున్నవాళ్లు రాసిపెట్టండి. పేర్లు అక్కర్లేదు. ఆ మిత్రురాలు తనది నాలుగు పేజీలు రాసి తన వకీలుకు ఇచ్చింది.