చందా కట్టిన ప్రతి ఒక్కరూ మనవాళ్లే

(షోలాపూర్‌లో జరిగిన సర్వసభ్య సమావేశంలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



బోనస్ గురించి, పి.ఎఫ్. గురించి మాట్లాడుకున్నాం. ముగించే ముందు ఇంకొక్క విషయం. ఇది చెప్పడానికి నాకు సిగ్గుగా ఉంది. అయినా చెప్పాలి.

2016లో ఒక కార్ఖానాలో మన సభ్యుడు, ఒక కుర్రవాడు, టవల్ సాంచెలు నడిపేవాడు. మంచి పనిమంతుడు. పక్క సాంచెల మీద ఉండే పెద్దాయనకు చూపు తగ్గితే, తెగిన పోగులు తానే వెళ్లి అతికిపెట్టేవాడు. అతను ఇంకో మగవాణ్ణి ప్రేమిస్తున్నాడని, ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారని షెడ్డులో తెలిసిపోయింది. ఆ మర్నాటి నుంచి అతను తాగిన గ్లాసు ఎవరూ ముట్టలేదు. వెనకాల చప్పట్లు, ఈలలు. ఆ పెద్దాయన ఒక్కడే ఎప్పటిలా "బిడ్డా" అని పిలిచేవాడు. చివరికి "నీ వల్ల షెడ్డులో గొడవ" అని యాజమాన్యం లెక్క చేతిలో పెట్టి పంపేసింది.

అతను నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, చందా బాకీ లేదు" అని రసీదు చూపించాడు. నేనేమన్నాను? "తమ్ముడూ, ఇది యూనియన్ విషయం కాదు" అన్నాను. రసీదు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. మళ్లీ ఈ ఊళ్లో కనపడలేదు.

చట్టమే అతనికి వ్యతిరేకంగా ఉందని ఆనాడు నాకు నేను సర్దిచెప్పుకున్నాను. 2018 సెప్టెంబర్ 6న ఆ వంక కూడా పోయింది. ఇష్టపడిన ఇద్దరు పెద్దవాళ్ల మధ్య సంబంధం నేరం కాదని సుప్రీంకోర్టులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ట్రాన్స్‌జెండర్లపై ఉద్యోగాల్లో వివక్ష చూపకూడదని 2019లో పార్లమెంటు చట్టం చేసింది. తీర్పులు వచ్చాయి, చట్టాలు వచ్చాయి. మన షెడ్డులో మాటతీరు మాత్రం మారలేదు.

మనలో చాలామంది ఇళ్లలో 1982 సమ్మె జ్ఞాపకం ఉంది. ఆ జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో బొంబాయిలో సుమారు రెండున్నర లక్షల మంది మిల్లు కార్మికులు పని ఆపారు. మా నాన్న వాళ్లలో ఒకడు. పొయ్యి వెలగని రోజుల్లో బియ్యం తెచ్చిచ్చిన మనిషిని "నీదే కులం, నువ్వెలాంటివాడివి" అని మా అమ్మ అడగలేదు.

రెండేళ్ల తర్వాత, 1984 మార్చిలో, బ్రిటన్‌లో బొగ్గుగని కార్మికులు గనుల మూసివేత మీద సమ్మెకు దిగారు. వాళ్లను కూడా పోలీసులు కొట్టారు, పత్రికలు తిట్టాయి. అప్పుడు లండన్‌లో మార్క్ ఆష్టన్, మైక్ జాక్సన్ అనే ఇద్దరి చొరవతో స్వలింగ ప్రేమికులు ఒక సంఘం పెట్టారు. పోలీసు దెబ్బలు, పత్రికల తిట్లు వాళ్లకూ తెలిసినవే. బకెట్లు పట్టుకుని చందాలు ఎత్తి, సౌత్ వేల్స్‌లో డులైస్ లోయ గని కుటుంబాలకు పంపారు. ఆ పల్లెల వాళ్లు మనలాగే పాతకాలపు మనుషులు. అయినా వచ్చినవాళ్లను ఇళ్లలో ఉంచుకున్నారు, కలిసి తిన్నారు. 1985 మార్చిలో సమ్మె ఓడిపోయింది. కానీ వాళ్లు ఆ మేలు మరిచిపోలేదు. ఆ జూన్‌లో లండన్‌లో స్వలింగ ప్రేమికుల ఊరేగింపు జరిగితే, గని కార్మికులు యూనియన్ జెండాలతో వచ్చి ముందు నడిచారు. అదే ఏడాది లేబర్ పార్టీ మహాసభలో వాళ్ల హక్కుల తీర్మానానికి గని యూనియన్ అండగా నిలబడింది, తీర్మానం నెగ్గింది.

"అన్నా, ఇదొక రోగం కదా" అని కొందరు నన్ను అడిగారు. కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లోనే దీన్ని రోగాల జాబితాలోంచి తీసేసింది. "పిల్లలు చెడిపోతారు" అని ఇంకొందరన్నారు. ఇంట్లోంచి గెంటితే, బలవంతంగా పెళ్లి చేస్తే పిల్లల బతుకు చెడిపోతుంది. ఆ పెళ్లిలో ఏ పాపమూ ఎరుగని ఇంకొకరి బతుకు కూడా చెడిపోతుంది.

కాబట్టి నేను అడిగేవి మూడే. షెడ్డులో ఎవరి పుట్టుకనీ, ఎవరి ప్రేమనీ తిట్టు కింద వాడొద్దు. ఇలాంటి ఫిర్యాదు ఏ అన్న తెచ్చినా, ఏ అక్క తెచ్చినా, కూలి ఎగ్గొట్టిన ఫిర్యాదుతో సమానంగా రిజిస్టరులో రాసి యాజమాన్యంతో మాట్లాడతాం. మీ ఇంట్లో బిడ్డ ఎవరైనా వణుకుతూ నిజం చెబితే చెయ్యి ఎత్తకండి, ముందు అన్నం పెట్టండి.

ఇదంతా మనకు లాభమని చెప్పడం లేదు. ఒకణ్ణి ఒంటరి చేస్తే యాజమాన్యానికి రెండోవాణ్ణి తీసెయ్యడం సులువు, నిజమే. కానీ ఆ పెద్దాయన లాభం చూసుకుని "బిడ్డా" అని పిలవలేదు. మనిషి కాబట్టి పిలిచాడు. యూనియన్ సెక్రటరీని అయి ఉండి నేను చెయ్యలేని పని ఆయన చేశాడు.

ఆ కుర్రవాడి కంట ఈ పత్రిక ఎక్కడైనా పడితే, అతనికి ఒక్క మాట: తమ్ముడూ, ఆనాడు తప్పు నాది. నీ రసీదు ఇంకా చెల్లుతుంది.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి!