ఒక్క సాక్ష్యం చాలదు



2022 జూలై 16న భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 53 అడుగులకే మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చే చోటు ఇది. లోతట్టు కాలనీల్లో బురద ఎత్తిపోయకముందే ఫోన్లలో తగువు మొదలైంది. దిగువన కడుతున్న పోలవరం ప్రాజెక్టు వల్లే మునిగామని ఇటువైపు తెలంగాణ వాళ్లు. 1986లో పోలవరం ఎక్కడుంది, అప్పుడు 75.6 అడుగులు రాలేదా అని అటువైపు ఆంధ్ర వాళ్లు. రెండూ అడగదగ్గ ప్రశ్నలే. కానీ నాలుగు మాటలు అయ్యేసరికి నీళ్ల సంగతి పక్కకు పోయింది. ఎవరు ఎక్కడ పుట్టారు, ఎవరి యాస ఏమిటి అన్నది ముందుకొచ్చింది.

నిదానంగా చూద్దాం. 75.6 అన్న అంకె ఒక్కటే పోలవరాన్ని నిర్దోషిగా తేల్చదు. ఆ ఏడు పైనుంచి ఎంత నీరు వచ్చిందో కూడా చూడాలి. 71.3 అన్న అంకె ఒక్కటే దాన్ని దోషిగానూ నిలబెట్టదు. తేలాలంటే ఇలా అడగాలి: ఇన్ని లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు వెనకటి రోజుల్లో ఇక్కడ నీటిమట్టం ఎంత ఉండేది? 2021లో నదిని పోలవరం స్పిల్‌వే మీదుగా మళ్లించాక అంతే ప్రవాహానికి ఎంత ఉంటోంది? కిన్నెరసాని, ముర్రేడు వాగుల నీరు గోదావరిలోకి మునుపటిలా దిగుతోందా? ఇవి కొలిచి చెప్పగలిగిన సంగతులు. ముంపు మీద సంబంధిత రాష్ట్రాలన్నిటితో కూర్చుని మాట్లాడమని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబరులో కేంద్రానికి చెప్పింది కూడా.

సరిహద్దులో బతికే మనకు ఊరూ యాసా ఎత్తి తిట్టే ఈ తిట్లు మరీ దగ్గరగా తగులుతాయి. 1959 దాకా భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 2014లో చుట్టూ ఉన్న కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి, పట్టణం తెలంగాణలో మిగిలింది. ఎటపాకలో మేనమామది ఒక రాష్ట్రం, ఇక్కడి మేనకోడలిది మరో రాష్ట్రం. ముఖం తెలియని మనిషిని ప్రాంతం పేరు పెట్టి తిడితే ఆ మాట చివరికి మీ ఇంటి గడపలోకే వస్తుంది.

వాదనకు కొలత కావాలంటే దూరం వెళ్లనక్కర్లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టా కోరే రైతు గ్రామసభ ముందు నిలబడాలి. సాక్ష్యం ఒకటి ఉంటే చాలదు, అంతకు మించి చూపాలి. ఊరి పెద్దల మాట రాయించినా అది సాక్ష్యమే. అతని అర్జీని కొట్టేయాలంటే ముందు అతను చెప్పేది వినాలి, కారణం రాతపూర్వకంగా తెలపాలి. ఆచరణలో ఈ నిబంధన ఎన్నిచోట్ల గాలికిపోయిందో వాకబు చేస్తే కడుపు మండుతుంది. అయినా కొలత మాత్రం సరైనదే. బడి ముఖం చూడని కోయ రైతు తన రెండెకరాల కోసం ఇన్ని రుజువులు తేవాలి. పట్టభద్రులైన మీరు ఒక మనిషిని ద్రోహి అనడానికి ఎవరో పంపిన ఒక్క మెసేజ్ చాలా?

ఎస్టీ హోదా మీద ఆదివాసీ, లంబాడా యువకుల మధ్య 2017లో రాజుకున్న తగువుకూ ఇదే వర్తిస్తుంది. అందులో న్యాయమైన ప్రశ్నలున్నాయి. ఎస్టీ జాబితాను సవరించిన 1976 చట్టం చదివి అడగండి, నియామకాల లెక్కలు ముందు పెట్టి అడగండి. గూడేన్నీ తండానూ హేళన చేసే పోస్టు పెట్టినవాడు మీ కులం వాడైనా, మీ స్నేహితుడైనా, అది తప్పని అక్కడే చెప్పండి. పరాయివాడిని మందలించడం కంటే ఇది చాలా కష్టం, ఎక్కువ పనిచేసేదీ ఇదే.

మర్యాదగా మాట్లాడమంటే మెత్తగా ఉండమని నా ఉద్దేశం కాదు. కూనవరం, వి.ఆర్.పురం పోలవరం నిర్వాసితులకు రావలసిన పరిహారం గురించి ఎంత గట్టిగా అడిగినా తక్కువే. గట్టిగా అడగండి, తేదీతో, కాగితంతో అడగండి.

రాబోయే వానాకాలంలో మీ వాట్సాప్ గ్రూపుల్లో గోదావరి మట్టం పెడతారు. ఆ అంకె చూసే జనం ఇల్లు ఖాళీ చేయాలో వద్దో తేల్చుకుంటారు. ఏ గంటకు తీసిన లెక్కో, ఎవరు చెప్పారో పక్కనే రాయండి. తప్పని తేలితే అదే గ్రూపులో దిద్దండి. అవతలివాళ్లు అడిగినదానికి జవాబిచ్చాకే మీ ప్రశ్న అడగండి. మీ ఊళ్లో మీకంటే చిన్నవాళ్లు వాదించడం మిమ్మల్ని చూసే నేర్చుకుంటారు. వాళ్లకు మంచి పద్ధతి చూపించమని మిమ్మల్ని కోరుతున్నాను.