మేరా శిఖరమునకు పోవు యువకులకు
(కోయంబత్తూరు తెలుగువారి సమావేశమున ఒక సభ్యుడు చేసిన ఉపన్యాసము)



మన యువకులు ముగ్గురు రాబోవు శరదృతువున నేపాళమునందలి మేరా శిఖరము నెక్క సంకల్పించినారు. పెద్దలు కొందరు వలదనుచున్నారు. మిత్రులు కొందరు "అది ట్రెక్కింగు శిఖరమే గదా" యని తేలికగా మాటలాడుచున్నారు. ఉభయులకును నా మనవి ఇది.

మేరా ఎత్తు 6,476 మీటర్లు. 1953 మే 20వ తేదీన బ్రిటిషు సైనికాధికారి జిమ్మీ రాబర్ట్సు, షెర్పా సేన్ తెన్సింగు దీనిని మొదట అధిరోహించిరి. నేపాళమున ట్రెక్కింగు శిఖరములని పేరుబడిన వానిలో ఇదియు ఒకటి. సాధారణ మార్గమంతయు చాలవరకు నిడుపైన మంచు వాలు. అయినను మంచులో పగుళ్ళుండును గనుక అందరును ఒకే త్రాటికి కట్టుకొని, బూట్లకు ఇనుప ముండ్లు తగిలించుకొని నడువవలెను.

అంతకంటె పెద్ద శత్రువు గాలి పలుచదనము. మన మెరిగిన ఉదకమండలము 2,240 మీటర్లు. అక్కడ విమానము దిగు లుక్లాయే 2,860. శిఖరముపై వాయుపీడనము సముద్రతీరమున నున్న దానిలో సగమునకు లోపు. శరీరము దీనికి అలవాటుపడగలదు. కాని దినములు కావలెను. 3,000 మీటర్లు దాటిన పిమ్మట రాత్రి విడిది దినమునకు 500 మీటర్లకు మించి పెంచరాదనియు, మూడు నాలుగు దినముల కొకసారి ఆగవలెననియు వైద్యుల సలహా. తలనొప్పి, వాంతులు పుట్టిన పైకి పోరాదు. అడుగు తూలినను, కూర్చున్నను ఆయాసము తీరకున్నను వెంటనే దిగవలెను. కండబలము ఇందుండి కాపాడదు.

లుక్లా నుండి దారులు రెండు. జాత్ర్వా కనుమ దారి దగ్గర. రెండు మూడు దినములలోనే 4,600 మీటర్లకు ఎక్కించును. దక్షిణముగా పాంగోము చుట్టి హింకు లోయకు పోవు దారి దూరము. అది మెల్లమెల్లగా ఎక్కించును.

తెలంగాణపు బాలిక మాలావత్ పూర్ణ 2014 మే 25న, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు నెక్కినది. అదియు మాసముల తరబడి శిక్షణ పొందిన పిమ్మటనే. కావున మనవారికి చేతగాదని నే ననను, తొందర వలదందును.

నేను వర్తకుడను. ధర తగ్గినచో ఏది తగ్గెనో తూచి చూతును. మన యువకులు తెచ్చిన రెండు అంచనాలను చూచితిని. చౌకదానిలో దగ్గరి దారి పట్టి నాలుగు దినములు తగ్గించినారు. మోతగాండ్ర బీమా ఊసే లేదు. మన మూటలు మోయువారి ఊపిరియు మన ఊపిరి వంటిదే. వారికి చలిదుస్తులు, బూట్లు, బీమా లేని ప్రయాణము మన కక్కరలేదు.

ఆ నాలుగు దినముల వ్యయమును, బీమా సొమ్మును మన సంఘము భరింపవలెనని ప్రతిపాదించుచున్నాను. అందు సగము నే నిత్తును. షరతు ఒక్కటే: ముగ్గురిలో ఒకనికి ఒళ్ళు చెడినను అతనిని ఒంటరిగా పంపక తోడుండి దింపవలెను. శిఖరము చేరకయే తిరిగి వచ్చినచో సొమ్ము ఇమ్మని మన మడుగరాదు; ఎగతాళి అంతకన్నను చేయరాదు.

సభవారు అంగీకరింతురని నమ్ముచున్నాను.