తూర్పు తెరపిగా ఉన్న చోటు

శ్రీహరికోటలో రాకెట్ ఎగిరే దినాన సూళ్లూరుపేట వైపు జనం దగ్గరి చోటుకోసం తోసుకుంటారు. దగ్గరైతే ఏమి, ఎదుట చెట్లు అడ్డుంటే? పులికాట్ సరస్సు మీదుగా తూర్పు తెరపిగా కనబడితే కొన్ని కిలోమీటర్లు వెనుకనైనా అదే మేలైన చోటు. 2019లో ఇస్రో ప్రజలకోసం గ్యాలరీ కూడా తెరిచింది. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి.

పొట్టివాడైన జక్కయ్య మేడిచెట్టు ఎక్కాడు గదా. అతడు ఎవరి కళ్లకూ అడ్డం నిలవలేదు, అది నాకెంతో నచ్చుతుంది. మనమో? బైకు సీటెక్కి నిలబడతాము. వెనుక చేతికర్రతో వచ్చిన ముసలితల్లికి మన వీపే కనబడుతుంది.

ఆమెకు మరల రావడం సులువా? 2019 జూలై 15 తెల్లవారుజామున ఎగరవలసిన చంద్రయాన్-2, ఇక 56 నిమిషాలుండగా ఆగిపోయింది. 22న ఎగిరింది. వయసులో ఉన్నవారు వారం తిరగకముందే మళ్లీ రైలెక్కగలరు. మోకాళ్లనొప్పులున్నవారు ఎక్కగలరా?

కాబట్టి ప్రియులారా, ఆమెను ముందుకు రానియ్యండి. మొదట వెలుగు కనబడుతుంది. శబ్దం కిలోమీటరుకు సుమారు 3 సెకన్లు తీసుకుంటుంది. 15 కిలోమీటర్ల దూరానికి ముప్పావు నిమిషం. ఆ కాసేపు ఫోను దించండి. "అదిగో అవ్వా, ఆ చెట్టు పైన" అని చెయ్యి చూపండి. ఉరుము వచ్చేసరికి ఆమె కూడా పైకే చూస్తూ ఉంటుంది.