మెదడుపొరల జ్వరము
(భైంసా వార్షిక మహాసభయందు జేసిన యుపన్యాసము)



విద్యానిధిని గూర్చి మాటలాడవలసిన సభలో రోగప్రసంగ మేలయని కొంద రనుకొనవచ్చును. ప్రక్కనున్న బాసరలో నక్షరాభ్యాసము జరిగిన బిడ్డ బడిమెట్లెక్కువఱకు బ్రదికియుండవలెను గదా!

మెదడును, వెన్నుపామును చుట్టియున్న పలుచని పొరలు వాచుటయే మెనింజైటిసు. వైరసువలన గలిగినది తఱచుగా దానంతట తగ్గును. బాక్టీరియాలవలన గలిగినది గంటలలో ప్రాణము దీయగలదు. క్షయవలన గలిగినది వారములకొలది మెల్లగా ముదురును. జ్వరము, తలనొప్పి, వాంతులు, మెడ బిగియుట, మగత, మూర్ఛ దీని గుర్తులు. చంటిబిడ్డకు మెడ బిగియకపోవచ్చును. పాలు ద్రావకుండుట, మాడు ఉబ్బుట కనబడినచో నాలసింపరాదు.

మన యిండ్లలో మూర్ఛ చూడగనే గాలి సోకినదని తాయెత్తు గట్టుదురు. మా బంధువుల యింట నొక బిడ్డకు రెండుదినము లిట్లే గడచినవి. బిడ్డ దక్కెను గాని వినికిడి దక్కలేదు.

వైద్యులు నడుమునుండి నీరు దీసి పరీక్షింతుమనగనే, కాళ్లు పడిపోవునని బిడ్డ నెత్తుకొని యింటికి వచ్చినవారిని మే మెఱుగుదుము. సూది గ్రుచ్చుచోటు వెన్నుపాము ముగిసినదానికి దిగువ నుండును. ఆ భయ మక్కఱలేదు. ఆ నీటిని జూచినగాని యే మందు, ఎన్నినాళ్లు అనునది తేలదు. బాక్టీరియాల జబ్బునకు నరములోని కెక్కించు మందులు వారము రెండువారములు చాలును. క్షయదైనచో దాదాపు సంవత్సరము మాత్రలు మ్రింగవలెను, నడుమ మానరాదు.

దీనికి దగ్గఱిదే మఱియొకటి. 2003 జూన్ మొదలు ఆగస్టువఱకు నాటి ఆంధ్రప్రదేశమున 329 మంది పిల్లలకు మెదడువాపు సోకి 183 మంది మరణించిరి. కరీంనగరము, వరంగల్లు జిల్లాల పల్లె లందు జేరియున్నవి. అనేకులు ఒకటిరెండు దినములలోనే పోయిరి. 1965లో నాగపూరు ప్రాంతపు చాందీపురా గ్రామమున దొరకిన వైరసు దానికి కారణమని తేలినది. దోమకంటె చిన్నదగు ఇసుకఈగ దానిని మోయును. దానికి నేటికిని ప్రత్యేకౌషధము లేదు, టీకా లేదు. గోడల బీటలు పూడ్చుట, పసులకొట్టము శుభ్రముగ నుంచుట, మందు పట్టించిన దోమతెర వాడుట, ఇంతయే మన చేతిలో నున్నది.

పొరల జబ్బునకు మాత్రము టీకాలున్నవి. పుట్టగనే బి.సి.జి., 6, 10, 14 వారములకు పెంటావాలెంటు. న్యుమోకాకల్ టీకా 2021 నుండి దేశమంతట ఉచితముగ నిచ్చుచున్నారు. పత్తి తీయు దినములలో మన తల్లులు వీనిని వాయిదా వేయుచున్నారు. కూలి పోవునని వారి బాధ, అది అబద్ధము గాదు.

108 వాహన ముచితమే. కాని బిడ్డతో నిజామాబాదులోనో హైదరాబాదులోనో వారములు గడుపు తల్లిదండ్రులకు తిండి యెవరు పెట్టుదురు? నీరు దీయనీయక బిడ్డను దెచ్చుకొన్నవారిలో సగము భయమైన, సగము లేమియే. కావున విద్యానిధికి వేఱుగ నిందుకై యొక చిన్నపద్దు తెఱువవలెనని ప్రతిపాదించుచున్నాము. పోషకులు రేపటి కార్యవర్గ సమావేశమున దీనిని చర్చకు దీసికొనవలెనని ప్రార్థించుచున్నాము.